దొర ఏం చెప్పె?

నొయ్యల్ నది పొంగి, సింగానల్లూరు చెరువు గట్టు తెగి, పీలమేడు పత్తిచేలు నీళ్లపాలైన ఏడు అది. ఆ ఏడే కుంపిణీ వాళ్ల కొత్త డాక్టరు దొర కోయంబత్తూరు వచ్చాడు.

దొరకి అరవం వచ్చు. తెలుగు రాదు. మద్రాసులో తెలుగు పరీక్ష గట్టెక్కకపోతే పటాలంతో ఎక్కడికో పంపేస్తారు. పాఠం చెప్పేవాళ్లు కావాలన్నాడు. తెలుగువాళ్ల ఊరు పీలమేడు నుంచి చెల్లప్ప తానే నడిచి వెళ్లాడు. చదివింది వీధిబడిలో మూడేళ్లు.

"మద్రాసు మున్షీ ఆర్నెల్లు నాకు రాజుల కథలు చెప్పాడు," అన్నాడు దొర అరవంలో. "ఏనుగుకి నాలుగు పేర్లు వచ్చు. ఏనుగులు నా దగ్గరికి మందుకి రావు. రోగి ఏమంటాడో అది చెప్పు."

"ఏమంటుందో చెప్తాను దొరా," అన్నాడు చెల్లప్ప.

కిందటేడు అతని కూతురు పొన్ను ఆ ఆసుపత్రిలోనే పోయింది. అప్పటి డాక్టరుకి తెలుగు రాదు, నడుమ దుబాసి ఉండాలి. పరాయి మగవాడి ముందు పొన్ను నోరు విప్పలేదు. మూడో రోజు కన్నుమూసింది. ఇక ఏ ఆడకూతురికీ దొరకీ నడుమ మనిషి ఉండకూడదు. చెల్లప్పకి కావలసింది అదొక్కటే.

చిక్కేమిటంటే, ఆడవాళ్ల ఒంటి బాధలు ఆ ఇళ్లలో మగవాళ్ల చెవిన పడవు. పెళ్లయి ముప్పై ఏళ్లయినా చెల్లప్ప ఎన్నడూ అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు గోడవైపు తిరిగి కూర్చుని భార్యని అడిగాడు.

"ఏమే, కడుపులో బాధంటే మీరు ఎట్లా చెప్తారు?"

రక్కమ్మాళ్ పత్తిలో గింజ తీస్తోంది. చేయి ఆగింది.

"ఎవరికి?"

"దొరకి. పాఠానికి."

ఆమె ఒళ్లో పత్తి పక్కకి పెట్టింది.

"పొత్తికడుపులో తాడు పురిపెట్టినట్టుండాది అంటాం."

మర్నాడు చెల్లప్ప ఆ మాట అప్పజెప్పాడు. దొర తేదీ వేసి రాసుకున్నాడు. సాయంత్రం చెల్లప్ప గడపలో కాలు పెట్టకముందే రక్కమ్మాళ్ ఎదురొచ్చింది.

"దొర ఏం చెప్పె మామా?"

"బాగుండాదనె. రాసుకొనె."

"అంతేనా?"

"ఇంకేం చెప్పాల? ముసలితనాన నీకు చదువు పిచ్చి పట్టె."

ఆమె నవ్వి ఇంకో మాట చెప్పింది. ఆ తర్వాత రోజుకొకటి. రెండు ముద్దల సంగటికే కడుపు నిండిపోతాది. నడుముకి రోలు కట్టినట్టుండాది. ఎప్పుడో నిలిచిపోయిన మైల మళ్లీ వచ్చె. ఈ చివరిది దొరకి చెప్పేటప్పుడు చెల్లప్ప నేల చూశాడు. దొర మాత్రం సంబరంగా రాసుకున్నాడు. ఇలాంటి మాటలు ఏ మున్షీకీ తెలియవన్నాడు.

సాయంత్రం మళ్లీ అదే ప్రశ్న. మళ్లీ అదే జవాబు.

దొర మద్రాసు బయల్దేరే ముందురోజు రక్కమ్మాళ్ అంది:

"అన్నీ రోగి మాటలే నేర్పిస్తివి. డాక్టరు మాట నేర్పవా? 'ఇది తగ్గుతాదా' అని ఆమె అడిగితే దొర ఏం చెప్పాల?"

చెల్లప్పకి నిజమే అనిపించింది. వెళ్లి ఆ జవాబు నేర్పాడు. దొర మూడుసార్లు తప్పు పలికి నాలుగోసారి పట్టుకున్నాడు.

"దొర ఏం చెప్పె మామా?"

"'తగ్గిపోతాది అమ్మా, భయపడొద్దు' అనె. అచ్చం మనవాళ్ల మాదిరే పలికె."

ఆ సాయంత్రం రక్కమ్మాళ్ పత్తి ముట్టుకోలేదు. గడపలో కూర్చుని, పొన్ను పోయినాక మొదటిసారి, ఏదో పాట కూనిరాగం తీసింది.

మూడు నెలలకి దొర పరీక్ష గట్టెక్కి వచ్చాడు. చెల్లప్పని పిలిపించాడు. ఈసారి మాట్లాడింది తెలుగే.

"చిక్కిపోయినావే చెల్లప్పా. ఇంట్లో సంగటి లేదా?"

చెల్లప్ప ఊ అన్నాడు.

దొర పుస్తకం తెరిచాడు.

"ఊళ్లో ఆడవాళ్లందరినీ అడిగి తెస్తివి అనుకొంటిని. దారిలో తేదీల వరసన మళ్లీ చదివితిని. ఇది ఒక్క మనిషి రోగం. నాలుగు నెలలు పెరుగుతా వచ్చె. ఎవరామె?"

చెల్లప్ప పుస్తకం వైపే చూస్తూ నిలబడ్డాడు.

"రేపు పొద్దున ఆమెని పిలుచుకొని రా. నేనే అడుగుతాను. నడుమ ఎవరూ వద్దు."

మర్నాడు పొద్దున చెల్లప్ప పత్తిచేని గట్టుకి వెళ్లి, నెల కిందట రక్కమ్మాళ్‌ని పూడ్చిన చోట, ఆమెవైపు తిరిగి కూర్చుని, "దొర నిన్ను రమ్మనె" అని చెప్పాడు.