అద్దం లేని ట్రాలీ

మానస గడపలో కూర్చుని, ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆకులో తంబాకు పోసి, చుట్టి, మూతి మలిచి, పచ్చదారం బిగించి పక్కన పడేస్తోంది. పొద్దున్నుంచి ఏడు కట్టలయ్యాయి.

వాకిట్లో ట్రాలీ ఆటో ఆగి ఉంది. దానికి ముందు అద్దం లేదు. అద్దం ఉండాల్సిన చోట యూరియా సంచి పైకి మడిచి కట్టి ఉంది.

"గిది బండా, కోళ్ళ గూడా?" అంటూ మానస భర్త నరేందర్ టైరును కాలితో తన్నాడు.

"తన్నకు. నచ్చకపోతే నచ్చలేదని చెప్పు," అన్నాడు బండి యజమాని ఏసయ్య.

"ఇంజన్ ఎట్ల దగ్గుతున్నదో ఇను. అచ్చం నీ లెక్కనే."

"గా దగ్గే ఇంజనే మొన్న సిరిసిల్ల దాక బట్టల మూటలు గుంజుకపోయింది. నీ అసొంటోనికి ఇచ్చుడే ఎక్కువ."

లోపల అల్మారా మీద ప్లాస్టిక్ కవర్లో నరేందర్ పాస్‌పోర్టు ఉంది. కోరుట్ల ఏజెంటు నిన్ననే ఫోన్ చేశాడు. ఈరోజు పాస్‌పోర్టు అందితే వారంలో దుబాయి విమానం. అందకపోతే ఆ వీసా ఇంకొకరికి పోతుంది. మొదటిసారి వెళ్ళినప్పుడు నరేందర్ తిరిగి రావడానికి నాలుగేళ్ళు పట్టింది.

సొంత ట్రాలీ దొరికితే ఉంటాను, లేకపోతే పోతానని అతను ఎండాకాలంలోనే తేల్చి చెప్పాడు. అప్పుడు ఏసయ్యను అడిగితే అమ్మనంటే అమ్మనన్నాడు. సారంగాపూర్ చుట్టుపక్కల అమ్మకానికి వేరే బండి లేదు. ఇప్పుడు, సకల జనుల సమ్మెలో బస్సులన్నీ ఆగి, మనుషులు ట్రాలీల్లోనే తిరుగుతున్న రోజుల్లో, ఏసయ్య తనంతట తనే బండి తెచ్చి వాకిట్లో నిలబెట్టాడు.

"తీసుకుందాం," అంది మానస.

"నువ్వు నీ బీడీలు సూసుకో. నిన్నగూడ బీడీలు తీసుకునే టేకేదారు తిట్టిండు గద! ఊరంత దారం ఒక దిక్కు తిప్పితే నువ్వొక్కదానివే ఉల్టా తిప్పుతున్నవని," అన్నాడు నరేందర్.

"ఎడమచెయ్యి గట్లనే తిరుగుతది," అని మానస మళ్ళీ చాటలోకి చూసింది.

ఏసయ్య భుజం మీది తువ్వాల తీసి మొహం తుడుచుకున్నాడు.

"నాకు బువ్వ పెట్టే బండి ఇది. అమ్మాలని అమ్ముతలేను. రెండుసార్లు అద్దం పలగ్గొట్టిన్రు. రెండుసార్లు గూడ బందు నాడే, పొద్దు పొడవకముందే. బందుల నేను బండి తియ్యనే తియ్యలే. ఇంటి ముంగట ఉన్నదాన్ని పలగ్గొట్టిన్రు. ప్లేటు మీద ఏపీ చెరిపి టీజీ అని నా చేత్తోని రాసుకున్న. నేనేమన్న తెలంగాణ అద్దన్ననా?"

"గది నన్నెందుకు అడుగుతున్నవ్?"

"నిన్నే అడగాలె. దీక్ష శిబిరంల కూసునేది నువ్వు. కరపత్రాలు పంచేది నువ్వు. నా బండి మీద కన్నేసింది గూడ నువ్వే."

నరేందర్ అతని మీదికి వెళ్ళాడు. "ఏమన్నవ్? మల్లోసారి అను! గరీబోని అద్దం పలగ్గొడితే తెలంగాణ అస్తదా?"

"తెలంగాణ రాదు. ట్రాలీ అస్తది."

ఏసయ్య తువ్వాల కొంగు విప్పి, అందులోంచి పిడికెడు రాయి తీసి అరుగు మీద పెట్టాడు. రాయికి బందు కరపత్రం చుట్టి, పైన దారంతో గట్టిగా కట్టి ఉంది.

"సీట్ల దొరికింది. సూడు, పచ్చదారం. మీ ఇంటిదే."

నరేందర్ దానివైపైనా చూడలేదు. "ఊరంత గదే కంపెనీకి చేస్తది. మీ బాలవ్వ దేంతోని చుడుతది, బంగారు తీగెతోనా?"

తన భార్య పేరు ఎత్తేసరికి ఏసయ్య గడప వైపు తిరిగాడు.

"బిడ్డా, పొద్దుగాల బీడీలు వట్టుకొని మా గల్లీల నుంచే పోతవ్ గద. ఎవ్వలన్న కనవడ్డరా?"

"ఎవ్వలు లేకుండె కాకా," అంది మానస తలెత్తకుండానే.

"ఇన్నవా?" అన్నాడు నరేందర్.

"ఇన్న. గిప్పుడు నువ్వు ఒట్టేయి. ఒట్టేస్తే బండి నీది. ఎయ్యకుంటె గీ రాయి తీస్కపోయి శిబిరంల అందరి ముంగట పెడుత."

నరేందర్ రెండంగల్లో గడప దగ్గరికి వచ్చి, మానస తల మీద అరచెయ్యి పెట్టాడు.

"నా పెండ్లాం మీద ఒట్టు. గీ రాయి నేను ఏసింది గాదు."

మానస చేతిలో ఆకు చినిగింది.

ఏసయ్య అతని మొహంలోకి చూశాడు. జేబులోంచి తాళంచెవి తీసి అరుగు మీద పడేశాడు.

"సరే. బండి నీదే. అద్దం నువ్వే ఏసుకో. రేపటిసంది మా గల్లీలకు మాత్రం రాకు, నీ మొకం సూడబుద్ధయితలేదు."

"రమ్మన్నా రాను. గీ దరిద్రం గూడ ఇంట్ల అద్దు," అంటూ నరేందర్ రాయిని అవతల విసిరేయడానికి అందుకున్నాడు.

పైకెత్తిన చెయ్యి ఆగిపోయింది. రాయిని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఏమైంది? ఇసిరెయ్ ఇగ," అన్నాడు ఏసయ్య.

దారం ఉల్టా తిరిగి ఉన్న ఆ రాయిని మెల్లగా మానస చాటలో పెట్టి, లోపలికి వెళ్ళి పాస్‌పోర్టు తీసుకుని, అరుగు మీది తాళంచెవిని ముట్టకుండానే నరేందర్ ఇంట్లోంచి వెళ్ళిపోయాడు.