పిట్ట ముట్టని విస్తరి

చచ్చినవాళ్ల మనసులో మాట పిట్టకెట్లా తెలుస్తుందన్న అనుమానం సోమనర్సయ్యకు చిన్నప్పటి నుంచీ ఉంది. సోమవారం తప్పకుండా శివుడికి నీళ్లు పోసే మనిషి కాబట్టి పైకెప్పుడూ అడగలేదు. ఇవాళ, చనిపోయిన తమ్ముడు ముత్యానికి పెట్టిన విస్తరి ముందు నిలబడ్డాక ఆ అనుమానమే భయంగా మారింది.

ఎండ నెత్తి మీదికి వస్తున్నా ఒక్క కాకీ ముట్టలేదు.

చిట్యాల దగ్గర ముత్యం సొంత చెలకలోనే అతన్ని కాల్చారు. బూడిద ఎత్తిన చోట విస్తరిలో అన్నం, మాంసం కూర, ఆకుదొప్పలో కల్లు పెట్టి, చుట్టాలు దూరంగా గట్టు మీద కూర్చున్నారు. మోటరు కొట్టం నీడలో ముత్యం బిడ్డ పల్లవి స్టీల్ గిటార్‌ను ఒడిలో వెల్లకిలా పెట్టుకుని వాయిస్తోంది.

హన్మకొండలో ఉద్యోగం చేసుకుంటూ ఆ పిల్ల ఇట్లాంటివే రికార్డు చేస్తుంది. వాటిలో పాట ఉండదు, తాళం ఉండదు. తీగల మీద ఉక్కు కడ్డీని మెల్లగా జరుపుతుంది. కాళ్ల దగ్గర వైర్లు తగిలించిన చిన్న డబ్బాలుంటాయి. ఒకదాన్ని తొక్కితే మోత సాగుతుంది, ఇంకోదాన్ని తొక్కితే అదే మోత మళ్లీ మళ్లీ వినిపిస్తుంది, మరోదాన్ని తొక్కితే సన్నగా పైకి లేచి చెవులు కోస్తుంది. బాపు దగ్గర కూర్చుని ఆఖరి రికార్డు చేసుకుంటానని ఆమె పొద్దున అడిగితే తల్లి విమల సరేనంది. పెద్దలు గొణిగారు గానీ, తండ్రి పోయిన పిల్లను కాదనలేకపోయారు.

సోమనర్సయ్యకు మాత్రం అది గిటార్‌లా వినిపించడం లేదు. దవాఖానలో ముత్యం మాట పడిపోయిన రోజు గొంతులోంచి వచ్చిన మూలుగు ఇట్లాగే ఉండింది.

తుమ్మచెట్టు మీదికి కాకులొచ్చాయి. ఒకటి దిగి, విస్తరి వైపు మెడ చాచింది. ఆ క్షణంలో మోత సన్నగా లేచింది, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టయింది సోమనర్సయ్యకు. ఉలిక్కిపడి కొట్టం వైపు చూసి, మళ్లీ విస్తరి వైపు తిరిగేసరికి కాకి లేదు. చెట్టు మీదవీ లేవు.

"మనసుల ఏదో పెట్టుకొని పోయిండు వాడు," అంది మేనత్త ఓదెమ్మ. "ఒక్కొక్కలు పోయి అడుగుండ్రి."

విమల వెళ్లి మొక్కి, చెలక అమ్మననీ, అతని ఎడ్లను కన్నబిడ్డల్లా చూసుకుంటాననీ చెప్పింది. కాకి రాలేదు. అతని భజన జట్టు వాళ్లు వెళ్లి, శనివారం భజన మానకుండా నడుపుతామని చెప్పారు. రాలేదు. ఇక అందరూ సోమనర్సయ్య వైపు చూశారు.

ఎందుకు చూశారో అతనికి తెలుసు. ఏళ్ల కింద అన్న బోరు వేసుకోవడానికి ముత్యం ఈ చెలకలో ఒక మూల ఇచ్చాడు. దానికి బదులు తన చేను గట్టు వెంట బండి పట్టే తొవ్వ ఇస్తానని సోమనర్సయ్య మాటిచ్చాడు. బోరులో నీళ్లు పడ్డాయి. తొవ్వ మాత్రం రేపు, మాపు అంటూ చివరికి కంచె అయింది. ముత్యం పత్తి మూటలను కాలువ చుట్టూ తిప్పి మోశాడు. ఆ తిప్పలు పడలేక విమల పుట్టింటి దిక్కు, కాటారం దగ్గర చేను కౌలుకు పట్టాడు. మొన్న అతని పాడె కూడా కాలువ చుట్టే తిరిగి వచ్చింది. తొవ్వ తియ్యమని ఎవరూ అడగలేదు. సోమనర్సయ్య తనంతట తాను తియ్యలేదు.

అతను విస్తరి దగ్గరికి పోలేక కొట్టం వైపు నడిచాడు.

"బిడ్డా, జర ఆపరాదు. నాకు భయమైతాంది."

"దేనికి పెదబాపూ?"

"మీ బాపు మూలిగినట్టే ఇనబడ్తాంది."

పల్లవి కడ్డీ మీది చెయ్యి తియ్యలేదు. "నాకూ గట్లనే ఇనబడ్తాంది. ఆయన మాట అయిపోనియ్యి. మజ్జల నేనెట్ల ఆపాలె?"

సోమనర్సయ్య తిరిగొచ్చి విస్తరి ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"తమ్మీ, తొవ్వ ఇస్తరా. శివుని మీద ఒట్టు."

మోత ఆగలేదు. పిట్ట రాలేదు.

"మాటలు వాడు బతికుండంగ మస్తు ఇన్నడు," అంది ఓదెమ్మ. "కడుపు నిండింది వానికి. చేసి సూపెట్టు."

అతను లేచి కంచె దగ్గరికి పోయి ముళ్లతీగ పట్టి గుంజాడు. అరచేయి చీరుకుపోయింది. ఎవరో గడ్డపార తెచ్చారు. ఒక రాతి కడీ కూలింది, పక్కదీ కూలింది. మోత మళ్లీ లేచినప్పుడల్లా అతను ఇంకా గట్టిగా గుంజాడు. బండి పట్టేంత సందు అయ్యాక వెనకాల మోత సన్నబడి, సన్నబడి ఆగిపోయింది.

చెలకంతా నిశ్శబ్దమైంది.

తుమ్మచెట్టు మీద ఒక కాకి అరిచింది. దిగి, అటూ ఇటూ చూసి, విస్తరిలో ముక్కు పెట్టింది. దాని వెనక మరొకటి దిగింది.

"ముట్టింది," అంటూ ఓదెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సోమనర్సయ్య నెత్తురు కారే చేతులు జోడించాడు. చిన్నప్పటి అనుమానం తీరిపోయింది. పిట్టకు అన్నీ తెలుస్తాయని వచ్చిన వాళ్లందరికీ చెప్పాడు. ముందుగా విమలను నడవమని తనే పక్కకు జరిగాడు. ఆమె కంచె దాటి, కొత్త తొవ్వ వెంట తలెత్తకుండా ఇంటికి పోయింది.

కొట్టంలో పల్లవి వైర్లు చుట్టి, గిటార్‌ను సంచిలో పెట్టి, కాసేపు తండ్రిని కాల్చిన చోటు వైపు చూస్తూ కూర్చుంది.

నిరుడు కాటారం మక్కచేనులో ఆమె పిట్టలను తరిమింది ఆ మోతతోనే.