సగం చూసిన వీడియో

వారం కింద సగం చూసి ఆపిన వీడియో ఈ రోజు తెరుచుకోలేదు.

నల్లటి తెర మీద ఒక్కటే వాక్యం: 'కాపీరైట్ ఫిర్యాదు కారణంగా ఈ వీడియో తొలగించబడింది.'

"గిదేంది, ఏడికి పోయింది?" జయశ్రీ ఫోన్ తెచ్చి భర్త ముందు పెట్టింది.

ఆమె చూసినంతవరకు అందులో మనిషి ముఖం లేదు. రెండు చేతులు పురుగుమందు సీసాను తిప్పి తిప్పి చూపిస్తున్నాయి. ఎర్ర మూత, ఆకుపచ్చ చీటీ. 'ఈ మందు కొట్టే చేన్ల పసిపిల్లల ఉయ్యాల కట్టకున్రి' అంటోంది గొంతు. అంతలో పాప ఏడిస్తే ఆపేసింది.

అలాంటి ఎర్ర మూత సీసానే వాళ్ల చూరు కింద ఉంది. కంపెనీ తరఫున రైతులతో విత్తన పత్తి వేయించే ఆర్గనైజర్ ఇచ్చి పోయాడు.

"వీడియో పెట్టినోడు కంపెనోళ్ల టీవీ ప్రకటన ముక్క తెచ్చి అండ్ల పెట్టిండంట," అన్నాడు భాస్కర్. "ఆళ్ల బొమ్మ, ఆళ్ల పాట. దొంగతనం కాదా? తీసేయించిన్రు."

"పాట దొంగదైతే పాట తీసేయాలె. మాట గూడ ఎందుకు తీసేసిరి?"

"గట్ల సగం సగం తియ్యరే. అబద్ధాలు పెట్టేటోళ్ల నోరు గిట్లనే మూయాలె. నిజమైతే ఉంచకపోదురా?"

"ఒకవేళ నిజమైతే?"

"ఏడో తరగతి సగంల ఇడ్సిపెట్టి, నువ్వు చట్టాలు చెప్తున్నవ్." నవ్వుతూ మందు పంపు భుజానికెత్తుకున్నాడు భాస్కర్.

ఆమెకు నవ్వు రాలేదు. కానీ తీసేశారంటే అబద్ధమే అయివుంటుంది అనుకుంటే మనసుకు కొంచెం తేలికైంది.

పత్తి చేను గట్టున వేపచెట్టుకు చీరతో ఉయ్యాల కట్టింది. లోపల ఎనిమిది నెలల పాప. దూరంగా కడితే ఏడుపు వినపడదని దగ్గరే కట్టింది.

ఆమె సాళ్లలోకి దిగి పువ్వులకు పుప్పొడి అద్దుతోంది. అవతలి కొసన భాస్కర్ మందు కొడుతున్నాడు.

గాలి ఇటే వీస్తోంది.

తల ఎత్తేసరికి ఉయ్యాల దగ్గర ఎవరో ముసలాయన. గట్టు మీద మోటార్ సైకిల్. ఒక చేయి ఉయ్యాల గుడ్డ మీద.

జయశ్రీ నడుముకు దోపుకున్న ఫోన్ తీసి ముందు ఫొటో కొట్టింది. తర్వాత పరుగెత్తింది.

"ఎవరు నువ్వు? ఉయ్యాల ఇడ్సు."

"పాపకు ఎన్ని నెలలు తల్లీ?"

"నీకెందుకు?"

"గాలి ఇటు కొడుతుంది. ఉయ్యాల ఇప్పెయ్యి. గా మందు మంచిది గాదు. జర సీసా చూపియ్యి."

అదే మాట. తీసేసిన అబద్ధం. ఇది చెప్పుకుంటూ పిల్లల దగ్గరికి చేరుతున్నాడన్నమాట.

భాస్కర్ ఉరికొచ్చాడు.

"ఏ కంపెనోనివి?"

"కంపెనోన్ని గాదు బిడ్డా."

"ఆఫీసరువా?"

"గాదు."

"మరి మా చేన్ల నీకేం పని?"

భాస్కర్ ముసలాయన చేతిలోని ఫోన్ గుంజుకొని చూశాడు. అన్నీ ఉయ్యాలల ఫొటోలే. తమ పాపది, ఇంకా ఏవేవో ఊళ్ల పిల్లలవి. ఒక్కటి మిగల్చకుండా చెరిపేసి ఫోన్ తిరిగిచ్చాడు.

"చెరిపేస్తె చెరిపెయ్," అన్నాడు ఆయన, ఫోన్ జేబులో పెట్టుకుంటూ. "ఉయ్యాల మాత్రం అవతల కట్టున్రి."

బండి వెళ్లిపోయింది. ఉయ్యాల అక్కడే ఉంది.

జయశ్రీ ఊరి గ్రూపులో ఆయన ఫొటో పెట్టి కింద రాసింది: 'పిల్లలను ఎత్తుకపోయేటోడు తిరుగుతుండు. పైలం.'

సాయంత్రానికి పాప నోట్లోంచి చొంగ ఆగలేదు. మెడ నిలవలేదు.

గద్వాల దవాఖానలో డాక్టర్ పాప కళ్లలోకి లైటు వేసి చూశాడు.

"ఏం మందు కొట్టారు?"

"ఎర్ర మూతది సార్," అన్నాడు భాస్కర్.

"పేరు కావాలి."

పేరు భాస్కర్ ఎప్పుడూ చదవలేదు. ఖాళీ సీసా పొద్దున్నే వాగులో పారేశాడు.

నర్సు ఉమారాణి తన ఫోన్ తెచ్చింది. "ఇదేనా చూడున్రి."

ఆ రెండు చేతులే. ఆ సీసానే.

"ఇది తీసేసిన్రు గదక్కా?" అంది జయశ్రీ.

"తీసేయకముందే దాచుకున్న. ఈ వానాకాలం గీ మందు సోకి వచ్చిన పిల్లల్ల మీ పాప నాలుగోది."

డాక్టర్ పేరు చదివి పాపతో లోపలికి వెళ్లాడు. తలుపు మూసుకుంది.

జయశ్రీ చేతిలో వీడియో నడుస్తూనే ఉంది. తను చూడని సగం.

'నా పేరు ఇస్రాయేలు. మాది వడ్డేపల్లి దిక్కు. టీవీల ఈ పాట ఇనే మేమూ గీ మందు కొన్నం. మా మనుమరాలు తొమ్మిది నెలలది.'

చేతులు సీసాను కింద పెట్టాయి. తెర పక్కకు తిరిగింది. ఖాళీ ఉయ్యాల. దాని పక్కన, పొద్దున్నటి ముఖం.

"ఈయన ఏడుంటడక్కా?"

"కింద, మగోళ్ల వార్డుల. వీడియో తీసేసిన కాడికెంచి ఊరూరు తిరిగి చెప్తుండెనంట, ఆఫీసర్లకు చూపియ్యనీకె ఉయ్యాలల ఫొటోలు తీస్తుండెనంట. ఇయాళ ఎవరో ఫొటో పెట్టిన్రు, పిల్లలెత్తుకపోయేటోడని. పక్కూర్ల కొట్టిన్రు. ఇంకా తెలివి రాలే."

జయశ్రీ ఫోన్ మోగింది. తిమ్మాజిపేట నుంచి అక్క మెసేజ్.

'మీ దిక్కేనంట చెల్లె. పాప పైలం.'

కింద తను తీసిన ఫొటో. తను రాసిన మాటలు. దాన్ని ఎవరూ తీసేయలేదు.

ఆ ఫొటోను ఆమె మొదటిసారి పెద్దగా చేసి చూసింది: ఆయన చేయి పాపను ఎత్తుకోవడం లేదు, మందు గాలి సోకకుండా ఉయ్యాల గుడ్డను దగ్గరికి మూస్తోంది.