తేలే ఇంటికి తూర్పు వాకిలి

పోటు వచ్చినప్పుడల్లా కలుగులోకి ఉప్పునీళ్లు వస్తున్నాయని విసుగెత్తి, ఒడ్డున ఉండే పందికొక్కు సముద్రం మీదే ఇల్లు కట్టింది. ఎండు కొబ్బరికాయలను పాత వలతాడుతో బిగించి, పైన తాటాకు కప్పింది. ఇల్లు బుట్టలా గుండ్రంగా ఉందని పీతలు పడీపడీ నవ్వాయి. నవ్వితే నవ్వాయి, ఇల్లు మాత్రం బాతులా తేలింది.

గృహప్రవేశానికి వచ్చిన కాకి పరమాన్నం రెండుసార్లు వడ్డించుకు తిని, ముక్కు తుడుచుకుంటూ అంది: "అంతా బాగానే ఉంది గానీ తమ్ముడూ, వాకిలి దక్షిణం చూస్తోంది. పిల్లలు గలవాడివి, ఆలోచించుకో."

పందికొక్కు వెంటనే ఇంటిని తూర్పుకు తిప్పి, ఇక కదలకుండా నాలుగు తాళ్లతో రాళ్లకు బిగించి కట్టేసింది.

సాయంత్రం పోటు వచ్చింది. నీళ్లు పెరిగాయి గానీ, తాళ్లు పట్టి ఉంచడంతో ఇల్లు పైకి లేవలేకపోయింది. పొయ్యి మునిగింది. పిల్లలు కప్పు మీదికెక్కి కీచుకీచుమన్నాయి.

"ఇదేం వాస్తయ్యా, ఇంటిల్లిపాదినీ ముంచేలా ఉంది!" అంటూ భార్య నీళ్లలోకి దూకి, నాలుగు తాళ్లనూ పటపటా కొరికేసింది. ఇల్లు ఒక్క ఊపున పైకి లేచి, గిర్రున తిరిగింది. పిల్లలు కేరింతలు కొట్టాయి.

పైనుంచి కాకి గోల పెట్టింది: "అయ్యయ్యో! వాకిలి మళ్లీ దక్షిణానికే తిరిగిందమ్మా!"

"కాస్త ఆగండి బావగారూ," అంది పందికొక్కు భార్య, తడిసిన తోక పిండుకుంటూ. "ఇంకో అల రానివ్వండి, తూర్పుకే వస్తుంది."