ఆదివారం సాక్ష్యం

నర్సమ్మగారూ, నేను చెప్పింది చెప్పినట్టు రాయండి. నాకు చదువు లేదు గానీ నోరుంది.

మా వృద్ధాశ్రమంలో వార్డెన్ ప్రేమరాజు. అన్నం పాచిపోయిందన్నందుకు నా పక్క మంచం సారా చెయ్యి మెలితిప్పి విరిచాడు. పడిపోయిందని అందరికీ చెప్పాడు. ఎవరికైనా ఫోను చేద్దామంటే గేటు దాటగానే ఎస్టీడీ బూత్ ఉంది గానీ, గేటు తాళంచెవి అతని నడుముకే ఉంటుంది.

అందుకని ఆదివారం ఆరాధనకు కోటవురట్ల చర్చి సంఘంవాళ్లు భోజనాలు పట్టుకొని వచ్చినప్పుడు, దేవుడు నాకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెబుతానని లేచాను.

“దేవుడు నన్నింతకాలం బతికించాడు.”

“స్తోత్రం,” అన్నారందరూ.

“సారా సెయ్యి ఇరగ్గొట్టింది ఈ ప్రేమరాజే.”

“స్తోత్రం,” అన్నారు అలవాటుగా. ఆ తర్వాత గాని విన్నదేమిటో వాళ్లకు అర్థం కాలేదు.

ప్రేమరాజు పాస్టరు వైపు చూసి నవ్వాడు. “సారమ్మనే అడగండి, అయ్యగారూ.”

సారా తలెత్తలేదు. “నానే పడిపోనానండి. దీనికి మతి నేదు.”

వచ్చినవాళ్లు వడ్డించి వెళ్లిపోయారు. గేటుకు తాళం పడింది. పిరికిదానా అని సారాను నోటికొచ్చినట్టు తిట్టాను.

ఆ సాయంత్రమే నా చెయ్యి విరిగింది.

ఇప్పుడు ఈ ఆసుపత్రిలో మీరు కలం పట్టుకొని, ఎలా పడ్డావని అడుగుతున్నారు. గుమ్మంలో నిలబడి ఆ ప్రేమరాజు ఎంత ముద్దుగా పిలుస్తున్నాడో వినండి.

“బేగి సెప్పీ, మామ్మా. ఆటో ఆగుంది. సారమ్మ బువ్వ తినకుండా నీకోసమే కూసుంది.”

సారా ఎందుకు అబద్ధమాడిందో ఇప్పుడు తెలిసింది. నన్నిప్పుడు దాన్ని చూపి బెదిరిస్తున్నట్టే, అప్పుడు దాన్ని నన్ను చూపి బెదిరించి ఉంటాడు.

అయినా రాయండమ్మా. నేను పడలేదు. సారా కూడా పడలేదు. రాసేశాక నన్ను ఆ ఆటో ఎక్కనివ్వకండి. సారాను మాత్రం బేగి ఇక్కడికి రప్పించండి.