తుమ్మాకు కట్టు

"సార్, ఇది మా మామ్మ కట్టే కదండీ? మరి మామ్మ పేరెక్కడా లేదేంటండీ?"

క్లాసులో అందరి ముందూ ఫోను చూపించి అడిగింది శారోన్. బోటనీ మాస్టారు సుబ్రహ్మణ్యేశ్వరరావుకు తల కొట్టేసినట్టయింది. ఫోనులో ఉన్నది ఆయన పాత పరిశోధన వ్యాసం.

పద్దెనిమిదేళ్లుగా ఆ జర్నల్‌కు తాళమే. చందా కట్టినవాళ్లకే చదివే యోగం. శారోన్ వాళ్ల ఊరు కాట్రేనికోనలో ఎవరు కడతారని ఆయన ధీమా. ఇప్పుడు ఆ జర్నల్‌వాళ్లు పాత సంచికలతో సహా అన్నీ ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చని తెరిచిపెట్టారు.

జెల్ల చేప ముల్లు గుచ్చుకున్న చేతికి శారోన్ మామ్మ ఎలీసమ్మ వేసే ఆకు కట్టు గురించే ఆ వ్యాసం. మాస్టారు నెలంతా ఆమె వెంటపడి ఆకు పేరు రాబట్టారు. తుమ్మాకు, అదే తుమ్మికూర, నూరి నలభైమంది జాలర్లకు కట్టామనీ, నలభైమందికీ గంటలో నొప్పి తగ్గిందనీ పట్టిక వేసి, తన పేరుతో అచ్చు వేయించుకున్నారు. ఒక్కరికీ గురి తప్పలేదని పెద్దలు మెచ్చుకున్నారు. డాక్టరేటు ఇచ్చారు.

ఇప్పుడు సిగ్గుతో రెండు రోజులు అన్నం సయించలేదు. ఆదివారం ప్రార్థన అయ్యే వేళకు కాట్రేనికోనలో ఎలీసమ్మ ఇంటి ముందు నిలబడ్డారు.

"ఎలీసమ్మగారూ, మీ మందు నాదని రాసుకున్నాను. క్షమించండి. జర్నల్‌వాళ్లకు ఉత్తరం రాసి మీ పేరు పెట్టిస్తాను."

అప్పట్లో ఆయన నోట ఆ 'గారు' ఎన్నడూ రాలేదు. ఎలీసమ్మ కంగారుపడి కుర్చీ తుడిచి వేసింది.

"వద్దండి బాబుగారూ, నా పేరొద్దండి. నేనే మిమ్మల్ని క్షమాపణ అడగాలండి."

"మీరా? ఎందుకు?"

"ఆకు పేరు బయటపెడితే గుణం పోద్దని మా అత్తగారు నాచేత ఒట్టేయించుకున్నారండి. మీరేమో వదల్లేదాయె. ఏం చెయ్యాలో తోచక నోటికొచ్చిన ఆకు చెప్పేసేనండి. తుమ్మాకు కూరొండుకోడానికి తప్ప ఈ నొప్పికి పనికిరాదండి. ఇన్నాళ్లూ ఆ అబద్ధం నన్ను తినేసిందండి."

మాస్టారు కుర్చీలో కూర్చోబోయినవారు అలాగే ఆగిపోయారు.

గుమ్మంలో నిలబడ్డ శారోన్ ఫోనులోని పట్టికను మెల్లగా పైకి జరిపి, తలెత్తి అడిగింది.

"అయితే ఆ నలభైమందీ ఎవరండీ సార్?"