మీటరులో అయిదు

పాడేరు దారిలో, రాత్రి తొమ్మిదింటికి, కొండ మలుపులో కొత్త రకం జీపు ఆగిపోయింది. వెనక సీట్లో తొమ్మిదేళ్ళ కూతురు హారిక మలేరియా జ్వరంతో సోలిపోయి ఉంది. ఆస్పత్రి ఇంకా పన్నెండు కిలోమీటర్లు. హుకుంపేటలో మెకానిక్కు షెడ్డు నడిపే తవిటినాయుడు బానెట్టు ఎత్తి, ఘాట్ రోడ్డులో ఘాటుగా తిట్లు లంకించుకున్నాడు. అనుమానం ఇంజను తిరగడాన్ని పసిగట్టే క్యామ్ సెన్సారు మీదే గానీ, తిట్లకి మాత్రం సెన్సారు లేదు.

"ఊరందరి బళ్ళూ బాగుసేత్తావు, సొంత బండి నీకు కనపడదు," అంది భార్య రత్నాలు లోపల్నుంచి.

"నోరు మూసుకుని సెల్ఫ్ కొట్టు."

సెన్సారు తీగలో, వోల్టులు కొలిచే మీటరు పిన్ను గుచ్చాడు. ఇంజను తిరుగుతుంటే అంకె సున్నాకీ అయిదుకీ మధ్య ఆడాలి. ఆడలేదు. తడిమితే తీగ తెగి ఉంది. పోయిన నెల బద్ధకించి, దానికి టేపు చుట్టి వదిలేసింది తనే. ఈసారి తిట్లన్నీ తనకే తగిలాయి.

అప్పుడు అంకె ఆడింది. అయిదు. సున్నా. అయిదు.

"సెల్ఫ్ ఆపవే."

"ఎప్పుడో ఆపేసేను. తాళం నా సేతిలోనే ఉంది. ఎనక సీట్లోకొచ్చి గుంట నాడి సూత్తన్నాను. ఇదిగో, కొట్టుకుంది... ఇదిగో, మళ్ళీ."

ఆమె 'ఇదిగో' అన్నప్పుడల్లా మీటరులో అయిదు వెలుగుతోంది. రెండు 'ఇదిగో'ల మధ్య ఎడం పెరుగుతోంది. తీగ కలిపితేనే బండి కదులుతుంది. తీగ కలపాలంటే పిన్ను పీకాలి. పీకితే ఆ అయిదు మళ్ళీ వెలుగుతుందో లేదో.

"ఏటి సేత్తన్నావు? బేగి కానీ."

తవిటినాయుడు పిన్ను మీద వేళ్ళు ఆనించి, సున్నా దగ్గర ఆగిన అంకెనే చూస్తూ, ఆమె ఇంకొక్కసారి 'ఇదిగో' అంటుందేమోనని చెవులొగ్గాడు.